జ్ఞానశబ్దమును ఓరుగంటిసీమ క్రైస్తవులును

అమరసింహుఁడు నామలింగానుశాసనమున ధీవర్గమునందు జ్ఞానవిజ్ఞానములకు భేదము నిర్దేశించెను. మోక్షవిషయమునఁ బ్రవర్తించు బుద్ధి జ్ఞానమనియు, శిల్పశాస్త్రములయందుఁ బ్రవర్తించునది విజ్ఞానమనియు నాతని మతము. సంస్కృతపాఠశాలలయందు బాలురు అర్థ మెఱుఁగకమునుపే కంఠస్థము చేయు నీ విభాగము తెలుఁగుదేశమునఁ బండితవ్యవహారమున నేఁటికిని జెల్లుచున్నది. వేదాంతి జ్ఞాని, వడ్రంగి జ్ఞాని గాఁడు, పనితనము గలవాఁడు మాత్రమే. ఇట్టి శబ్దమును, ఇంచుమించు రెండువందల యేండ్లక్రిందట, క్రైస్తవగ్రంథానువాదకులు హీబ్రూభాషయందలి 'హొఖ్మా' శబ్దమునకును, గ్రీకుభాషయందలి 'సోఫియా' శబ్దమునకును బర్యాయముగాఁ గైకొనిరి. దాని వెంట వచ్చు వేదాంతభారమును వా రెఱుఁగరని చెప్ప వీలులేదు. వారికిఁ దోడ్పడినవారిలో బ్రాహ్మణు లుండిరి. కాఁబట్టి యీ పర్యాయ మెంతవఱకు సరిపడినది, సరిపడనిచోట నేమి జరిగినది యను ప్రశ్న శాబ్దికులకును జరిత్రకారులకును సమానముగ విచార్యము. దైవికమైన జ్ఞానమును వెదకుట క్రైస్తవజీవనమునఁ బ్రధానధర్మమని వారి గ్రంథములు ఘోషించుచుండఁగా, తెలుఁగు క్రైస్తవుఁడు వెదకిన దేది యని యడుగుట యసంగతము గాదు.

ఈ విచారమునకు ఓరుగంటిసీమను ఆధారముగాఁ గొనుటకుఁ గారణము గలదు. 1879లో అమెరికా బాప్తిస్టు సంఘమువారు హనుమకొండయందు స్థానము నెలకొల్పిరి. డోర్నకలు 1912లో ఆంగ్లికను సంఘమువారికి బిషప్పు పీఠమయ్యెను. ఆ యూరు 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిది, పిమ్మట మహబూబాబాదు జిల్లాలోఁ జేరినది. రోమను కతోలికుల వరంగల్లు మేత్రాసనము 1952లో నేర్పడి, కాజీపేటయందు ఫాతిమామాత పేరఁ బ్రధానదేవాలయము గలిగియున్నది. మూఁడు శాఖలును ఒక్క సీమయందే యున్నవి; మూఁటను జ్ఞానశబ్ద మొక్కతీరున వాడుకలో లేదు.

అనువాదచరిత్రమును సంక్షేపముగాఁ జెప్పెదను. 18వ శతాబ్ది మూఁడవ, నాల్గవ దశకములలో బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ చెన్నపట్టణమున నుండి క్రైస్తవవేదమును దెలుఁగు చేసెను గాని యది యచ్చు పడలేదు. ఆతఁడు స్వదేశమునకుఁ బోయి హాలే నగరమునఁ గొన్ని చిన్నపుస్తకములను మాత్రము 1746, 1747 సంవత్సరములలోఁ దెలుఁగున ముద్రింపించెను. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషను వారగు క్రాన్, డెగ్రాంజి యనువారు ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాహాయ్యమున సువార్తల ననువదింపఁ దొరకొనిరి. క్రాన్ 1809లోను డెగ్రాంజి 1810లోను మరణించుటచే వారి పని యితరుల చేతికి వచ్చెను. శ్రీరామపురమున విలియం కేరీ ముద్రణాలయమునుండి తెలుఁగు క్రొత్తనిబంధన 1818లో వెలువడెను. ఆ శతాబ్దియంతయు సంస్కరణములు జరుగుచునే యుండెను. ఇపుడు సంఘములలోఁ జదువఁబడుచున్న పాఠము అనేకుల చేతులమీఁదుగా వచ్చినది. ఒక్క పండితుని వ్రాఁత గాకపోవుటచేతనే దానియందు ఒక్క మూలశబ్దమునకు బహుపర్యాయములు పొడచూపుచున్నవి. ఇది దోషమని కొంద ఱందురు. నా కది లాభముగాఁ దోఁచుచున్నది. అనువాదకుఁడు తడఁబడిన చోటులే శబ్దార్థముల సరిహద్దులను జూపును.

హీబ్రూవారి హొఖ్మా మోక్షజ్ఞానము గాదు. నిర్గమకాండమున గుడారనిర్మాణమునకు నియుక్తుఁడగు బెసలేలను శిల్పి బంగారు వెండి యిత్తళ్లను బోఁతపోయుటకును, రత్నములఁ జెక్కుటకును, కొయ్యపని చేయుటకును దేవుని యాత్మచే నింపఁబడె ననిచోట మూలమందున్నది హొఖ్మా యే. నూలు వడికిన స్త్రీల హృదయములను వర్ణించుచోటను అదే ధాతువు. కీర్తనల గ్రంథమున నూట యేడవ కీర్తనయందు తుపానులోఁ జిక్కిన నావికుల యోడనడపు నేర్పు సర్వమును మ్రింగఁబడె ననుటకును హొఖ్మాయే. యిర్మీయా ప్రవక్త పిలిపించిన, శోకగీతములు పాడ నేర్చిన స్త్రీలకును దత్సంబంధియగు విశేషణమే. అమరుఁడు విజ్ఞానమని వేఱుపఱచిన దంతయు నిచట హొఖ్మాలోఁ జేరిపోవుచున్నది. పెంబర్తి యిత్తడిపనివానిని, కొత్తవాడ నేఁతవానిని అమరుఁడు విజ్ఞాని యనును, తెలుఁగువాఁడు నేర్పరి యనును, హీబ్రూవాఁడు నిస్సంశయముగ హొఖ్మా గలవాఁ డనును. ఆ సీమయందే 1213లో నిర్మింపఁబడిన రామప్పగుడి శిల్పుల నేమనవలెనో పాఠకులే యూహింతురు గాక.

తెలుఁగు ననువదించినవారికి నీ చిక్కు తెలిసియుండవలెను. నూలు వడికిన స్త్రీలయెడ వారు జ్ఞానశబ్దమును వాడక వివేకశబ్దమును వాడిరి. జ్ఞాన మనిన మోక్షమువైపు చూపు పోవును. నూలు వడకుటకు మోక్షజ్ఞాన మేల యని శ్రోత నవ్వును. వివేక మనిన వేఱు చేయుట. విపూర్వకమగు 'విచ్' ధాతువునకుఁ బృథక్కరణ మర్థము. పత్తిలో గింజను వేఱుచేయు చేతికి వివేకశబ్దము నప్పినదనుట హాస్యమునకుఁ గాదు. సామెతల గ్రంథమున వారు జ్ఞానము, తెలివి, వివేచన, బుద్ధి యను నాలుగు మాటలను గలగలపి వాడుచుందురు. మొదటి యధ్యాయమున దైవభీతికిఁ ఫలముగాఁ జెప్పఁబడినది తెలివి. తొమ్మిదవ యధ్యాయమున జ్ఞానము. మూలమునను మొదటిచోట 'దఅత్', రెండవచోట హొఖ్మా యున్నందున నీ భేదము సాభిప్రాయమే. తెలివి యచ్చతెలుఁగు. తెలి యనఁగా స్వచ్ఛము, ధవళము. తెలియుట యనఁగా నీరు తేఱినట్లు మనస్సు తేఱుట. పల్లెయందు ముసలమ్మ 'తెలివి తెచ్చుకో' యనునపుడు ఆ మాటలోఁ జదువుల ప్రసక్తి యెంతమాత్రమును లేదు.

ఇఁక 'భయభక్తులు' అను ప్రయోగమునుగూర్చి వైయాకరణునకుఁ గొంత ముచ్చట గలదు. హీబ్రూమూలమున నున్నది ఒక్క శబ్దము, 'యిర్‌ఆ'. దానికి భయ మర్థము. అనువాదకులు దానికి ఇతరేతరయోగద్వంద్వమును గూర్చిరి. భయ మనిమాత్రమే యనిన పోతురాజునెదుటి పల్లెవాని భయమును, భక్తి యనిమాత్రమే యనిన భజనగోష్ఠియు స్ఫురించుననియు, రెండును గూడిననే మూలార్థము సిద్ధించుననియు వారి తలంపు గాఁబోలును. అంతకంటెఁ జిత్రమైనది విభక్తి. భయహేతు వపాదానమని పాణిని. తెలుఁగునను భయమునకు హేతువైనదానికి 'వలన' యను వర్ణకము వచ్చునని చిన్నయసూరి 1858లోఁ బ్రకటితమైన బాలవ్యాకరణమున విధించెను. పులివలన భయము. కాని తెలుఁగు క్రైస్తవుఁడు దేవునివలన భయభక్తులు గలిగి యుండఁడు, దేవునియందు గలిగియుండును. 'యందు' భక్తికి దగిన విభక్తి. సమాసమున భయము ముందు నిలిచినను, కారకనిర్ణయము చేసినది వెనుక నిలిచిన భక్తి. పులియెదుటఁ బాఱిపోవుట వలనార్థము. తండ్రియెదుట నొదిగియుండుట యందర్థము. ఏ యనువాదకుఁడు మొదట నిట్లు వ్రాసెనో గాని, ఒక్క విభక్తిచే నొక గ్రంథమునకుఁ జాలినంత వ్యాఖ్య చేసెను.

మఱియొకటి. సామెతల యెనిమిదవ యధ్యాయమున హొఖ్మా స్త్రీరూపమున నగరద్వారములయొద్దను వీధులు గలియు చోటులను నిలిచి కేకలు వేయును. హీబ్రూశబ్దము స్త్రీలింగము, సంస్కృతమున జ్ఞానము నపుంసకము. లాటిను, గ్రీకు భాషలవారికి నీ బాధ లేదు, వారి శబ్దములును స్త్రీలింగములే. తెలుఁగునను జ్ఞాన మమహద్వాచకమే యయ్యును, ఏకవచనమున స్త్రీకిని జడమునకును గ్రియ యొక్కటియే యగుటచే, జ్ఞానము పిలుచుచున్నదన్నచో పిలుచునది వస్తువో, వనితయో వాక్యము చెప్పదు. మన భాషయొక్క యీ ఔదార్యమువలన నా రూపకము చెడక నిలిచినది. అయితే యా కేకలు వేయుట యన్నదే మన జ్ఞానసంప్రదాయమునకు విపరీతము. ఉపనిషత్తనఁగా సమీపమునఁ గూర్చుండుట. రహస్య మని దానికి నామాంతరము. అడుగనివానికిఁ జెప్పరాదు, అడిగినను అధికారి గానివానికిఁ జెప్పరాదు. ఇచటనో, జ్ఞానము సంతవీధిలో నిలిచి, మూఢులారా రండని పిలుచుచున్నది.

అధికారము మాట వచ్చినది గనుక దానిని దాఁచిపెట్టుట న్యాయము గాదు. సాధనచతుష్టయసంపన్నుఁడే బ్రహ్మజిజ్ఞాసకు యోగ్యుఁడని వేదాంతులు. వేదశ్రవణమున శూద్రున కధికారము లేదని బ్రహ్మసూత్రముల ప్రథమాధ్యాయ తృతీయపాదమున నపశూద్రాధికరణము. గౌతమధర్మసూత్రమున వేదము విన్న శూద్రుని చెవికి విధింపఁబడిన దండనము చదువుటకే భయంకరము. శంకరభగవత్పాదులు సైత మా యధికరణభాష్యమున విదుర ధర్మవ్యాధాదులు జ్ఞానులైరని యొప్పుకొని, దానికిఁ బూర్వజన్మసంస్కారము హేతువని చెప్పి, ఇతిహాసపురాణశ్రవణము నాల్గువర్ణములకును గలదని మార్గము విడిచిరి. మిథిలలో మాంసము విక్రయించుచుండిన ధర్మవ్యాధుని యంగడికి వేదాధ్యాయియగు కౌశికుఁడు ధర్మమడుగఁ బోయిన కథ యారణ్యపర్వమున మనమందఱమును జదివినదే. కాని యా నాల్గువర్ణములకు వెలిగా నూరిచివరఁ గాఁపురముండిన మాల మాదిగ కులములవారికి విడువఁబడిన మార్గ మేది? ఆ ప్రశ్నకు భాష్యములు సమాధానము చెప్పవు. ఓరుగంటిసీమయందుఁ గ్రైస్తవులైనవారిలోఁ బెక్కుమంది వారే.

యాకోబు వ్రాసిన పత్రికయందు జ్ఞానము కొఱవడినవాఁడు దేవు నడుగవలెననియు, ఆయన యడిగినవానిని దెప్పక ధారాళముగ నిచ్చుననియుఁ జెప్పఁబడియున్నది. గీతయందును ప్రణిపాత పరిప్రశ్న సేవలచే జ్ఞానమును దెలిసికొనవలెనని యున్నది. అడుగుట రెండింటను సమానమే. భేద మెక్కడ ననఁగా, మన శాస్త్రమున నడుగువానికిఁ గొంత సంపత్తి యుండవలెను. యాకోబు మతమునఁ గొఱఁతయే యధికారము. దెప్పక యిచ్చుననుట చిన్నమాట గాదు. పొలముగట్టుమీఁద నేఁబదియేండ్లు దెప్పులు విన్నవాని చెవి కది యెట్లు వినఁబడియుండునో పండితుఁ డూహింపలేఁడు.

చెవి యంటిని. సొలొమోను రాజ్యాభిషిక్తుఁడైన పిమ్మట గిబియోనున స్వప్నములో దేవుని నడిగిన వరము తెలుఁగుపాఠమున వివేకము గల హృదయముగాఁ గనఁబడును. హీబ్రూమూలమును యథాతథముగఁ జెప్పవలసినచో 'వినెడి హృదయము' అనవలెను. ఇచట ననువాదకు లర్థమును సుగమము చేయఁబోయి యొక మంచి మాటను బోఁగొట్టుకొని రని నా యభిప్రాయము. మన సంప్రదాయమున నా భావమునకు శబ్దము లేకపోలేదు. 'శ్రు' ధాతువుపై సన్‌ప్రత్యయముచే శుశ్రూష యగుచున్నది. వినఁగోరుట దాని వ్యుత్పత్త్యర్థము. కౌటిల్యుఁడు ప్రజ్ఞాగుణములను లెక్కించుచు శుశ్రూషను మొదటఁ జెప్పి పిదప శ్రవణ గ్రహణ ధారణాదులను జెప్పెను. భాగవతమునఁ బ్రహ్లాదుఁడు చెప్పిన నవవిధభక్తులలోను శ్రవణమే మొదటిది. దానిని దెలుఁగు చేసిన పోతన బమ్మెర యీ సీమలోనిదే. శుశ్రూషాశబ్దము వినఁగోరుటనుండి పరిచర్యకు మాఱి, నేఁడు రోగికిఁ జేయు సేవకు వాచకమై నిలిచినది. గురుని మాట వినఁగోరువాఁడు గురుగృహమున నీళ్లు మోయును గదా. అర్థము మాఱిన త్రోవ యదియే. వినెడి హృదయమును 'శుశ్రూషువగు హృదయ' మని యనువదించియున్నచో సొలొమోను వరమునందు వినుటయు సేవయు రెండును జేరియుండెడివి.

ఆ వినుటయే ఓరుగంటిసీమ క్రైస్తవుల చరిత్రమునఁ బ్రధానము. దానికి డోర్నకలును మించిన యుదాహరణము లేదు. తిరునెల్వేలి మండలమున వెళ్లాళన్‌విళై యను గ్రామమున 1874లో జన్మించిన వేదనాయకము సామ్యూలు అజరయ్య తమిళుఁడు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ ధనముతోఁ దమ మనుష్యులచేతనే ప్రచారము చేయింపవలెనని 1903లో నేర్పఱచుకొన్న భారతీయ మిషనరీ సమాజమున కాతఁడు స్థాపకులలో నొకఁడు. ఆ సమాజమువారు నిజాము రాజ్యమందలి యీ ప్రాంతమును గార్యక్షేత్రముగా నెన్నుకొనిరి. అజరయ్య 1909లో గురుపట్ట మొంది డోర్నకలు వచ్చి, తెలుఁగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా నభిషిక్తుఁ డయ్యెను. ఆంగ్లికను సంఘమున భారతీయుఁడు బిషప్పగుట యదియే ప్రథమము. తొలుతఁ జిన్నదైన యా మేత్రాసనమునఁ దరువాత కృష్ణామండలాది ప్రాంతములును జేరఁగా, ఆతని తుదినాళ్లకు దాని క్రైస్తవుల సంఖ్య రెండులక్షలను మించెను.

వీరిలో నత్యధికులు నిరక్షరులు. పగలంతయుఁ బరులపొలములలోఁ బనిచేయువారు. గ్రామోపాధ్యాయుఁడు పగలు బాలురకు నక్షరములు నేర్పి, ప్రొద్దుగ్రుంకిన పిదపఁ బెద్దలను గుమిగూర్చి ప్రార్థనయు, విశ్వాసప్రమాణమును, పది యాజ్ఞలును వల్లెవేయించుచుండెను. గురువు చెప్పుట, శిష్యుఁడు తిరుగఁ జెప్పుట. మే మష్టాధ్యాయిని నేర్చినదియు నిట్లే. సూత్రము చెవినుండి నోటికి వచ్చినదే గాని తాటాకునుండి వచ్చినది గాదు. శ్రుతి యను పేరు వేదమునకు వచ్చుటకు నిదియే కారణము. వినుట నిషేధింపఁబడినవారి పేటలో, దీపము వెలుతురున, శ్రుతిసంప్రదాయము తన వెనుకటి రూపముననే మొలచుట చరిత్రకారుఁడు గమనింపక పోరాని విషయము.

అజరయ్య దానిని వల్లెవేఁతతో ముగియనీయలేదు. బాప్తిస్మము పొందినవాఁడు తన చేతిని దన తలమీఁదనే పెట్టుకొని, సువార్త ప్రకటింపనిచో నాకు శ్రమయని పౌలు చెప్పిన మాటను దానును జెప్పవలసియుండెను. అనఁగా విన్నవాఁడు వెంటనే వినిపించువాఁ డగుచుండెను. మాలిన్యము, రోగము, ఋణము, మద్యము అను నాలుగింటిని పల్లెలను బట్టిన నాలుగు దయ్యములని యాతఁడు చెప్పుచుండెను. వేదాంతి కిది జ్ఞానబోధగాఁ దోఁపదు. వైద్యునికిని ఆర్థికునికిని సంబంధించిన మాట యనును. కాని హొఖ్మా నెఱిఁగినవాని కిది జ్ఞానమే. సామెతల గ్రంథమును దిరుగవేసిన, మద్యపానమును, పరులకుఁ బూఁటపడుటను, సోమరితనమును గూర్చిన హెచ్చరికలే యడుగడుగునను దగులును. కోఁతకాలపుఁ బండుగలలోఁ బంటలో నొకభాగమును దెచ్చి దేవాలయమున నర్పించు నాచారమును ఆతఁడు ప్రోత్సహించెను. పేదలకును ఇచ్చుటయందు బాధ్యత గలదని యాతని పట్టు. పుచ్చుకొనుటకే పుట్టినారని లోకము తలంచినవారు దాతలైరి. సీమదేశమునుండి ధనము దెచ్చి పంచుటచే మతము వ్యాపించిన దనువారు ఈ భాగమును గూడఁ జదువవలెను. అట్టి పంపకము లెచ్చటను లేవని మాత్రము నేను జెప్పఁబోను.

ఈ విషయముననే యొక మహాపురుషునితో వివాదము గలిగెను. 1936లో జాన్ మాట్టను అమెరికా దేశీయునితో సంభాషించుచు గాంధీమహాత్ముఁడు, మతముల తారతమ్యమును గ్రహింపఁదగిన బుద్ధి హరిజనులకు లేదనియు, వారికి సువార్త చెప్పుట గోవునకుఁ జెప్పుటవంటిదనియుఁ బలికెను. గోవు మహాత్మునికిఁ బూజ్యమే. పరిహాస మాతని యుద్దేశము గాదు. నిస్సహాయులను బ్రలోభపెట్టుచున్నారన్న యావేదనచేఁ బలికిన పలుకు. అయినను ఆ మాటయం దంతర్గతమైన ప్రశ్న యపశూద్రాధికరణపుఁ బ్రశ్నయే: వీనికి జ్ఞానమున నధికార మున్నదా లేదా? మతాంతరీకరణవిషయమున అజరయ్యకును మహాత్మునికిని నభిప్రాయభేదము తీవ్రముగ నుండెను. ఉభయులును అస్పృశ్యత పోవలెననువారే; ఒకరు హిందూసమాజము తన దోషమును దాను గడుగుకొనవలె ననిరి, ఒకరు దళితుఁడు తన త్రోవను దాను వెదకికొనఁగలఁ డనిరి. మహాత్మునియెడ నాకుఁ గల గౌరవ మెంతటిదైనను, బుద్ధివిషయమున మాత్రము నేను డోర్నకలు పక్షముననే నిలుతును. బెసలేలునకు హొఖ్మా గలదన్న గ్రంథమును నమ్మువాఁడు, చెప్పులు కుట్టువానికి బుద్ధి లేదనలేఁడు.

చెవిద్వారమునఁ బ్రవేశించిన జ్ఞానమునకుఁ గీర్తన వాహనమయ్యెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ననేకములకుఁ గర్తయగు పురుషోత్తమ చౌదరి 1803లో బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో దివంగతుఁడైనవాఁడు. రాగతాళనిర్దేశములతోఁ, బల్లవి చరణములతో నా కీర్తనలు త్యాగరాజాదుల ఫక్కికే చెందినవి. కొన్నింట సంస్కృతసమాసములు దట్టముగా నుండును. అక్షరము రానివారు దీర్ఘతత్పురుషములను శ్రుతి తప్పక పాడుచుండఁగా వినుట శాబ్దికునకు వింతయైన యానందము. విగ్రహవాక్య మడిగినఁ జెప్పలేరు గాని, యేచోట గొంతు తగ్గింపవలెనో యెఱుఁగుదురు. ఇది యీ సీమకుఁ గ్రొత్త గాదు. 13వ శతాబ్దిలోఁ బాలకుఱికి సోమనాథుఁడు బసవపురాణమును జంపువుగా వ్రాయక ద్విపదలో వ్రాయుటకు హేతువు జనులు పాడుకొనఁగలుగుటయే గదా. అందలి శివభక్తులలో వేదవిదులకంటె వృత్తిపరులే మిన్నగాఁ గనఁబడుదురు. పాలకుర్తికిని డోర్నకలునకును మతసంబంధ మేమియు లేదు, మార్గసంబంధము గలదు.

కతోలికుల వాడుకఁ గూర్చి రెండుమాటలు. బాప్తిస్టులును ఆంగ్లికనులును గ్రీకుశబ్దమును దెలుఁగు చేసి బాప్తిస్మ మనిరి. కతోలికులు జ్ఞానస్నాన మనిరి. బిడ్డకు స్నానసమయమునఁ బూఁటగా నిలుచువారు జ్ఞానతల్లిదండ్రులు. ఇచట జ్ఞానశబ్దమునకు వేదాంతార్థమును లేదు, హొఖ్మార్థమును లేదు. ఆత్మసంబంధి యని మాత్రమే యర్థము. ఇది తమిళమునుండి దిగివచ్చిన వాడుక. 17వ శతాబ్దిలో మధురయందుండిన నొబిలి తన తమిళోపదేశగ్రంథమునకు 'జ్ఞానోపదేశ' మనియే పేరు పెట్టెను. నెలలశిశువునకు జ్ఞానమేమి, స్నానమేమి యని తార్కికుఁ డాక్షేపింపవచ్చును. మనయందును ఉపనయనమున బాలునకు ద్వితీయజన్మము చెప్పుచున్నారు గనుక నా యాక్షేపమును మనము చేయకుండుట మేలు.

తుద కొక్క పదము మిగిలినది. మత్తయి సువార్తయందు శిశువగు యేసును జూడవచ్చిన తూర్పుదేశీయులు గ్రీకుమూలమున 'మాగొయ్'లు. పారసీకదేశపుఁ బురోహితులకును నక్షత్రవిదులకును ఆ పేరు చెల్లెను. ఆంగ్లపాఠము ననుసరించియే గాఁబోలును, తెలుఁగువారు వారిని జ్ఞానులనిరి. అదే గ్రీకుశబ్ద మేకవచనమున నపొస్తలుల కార్యముల పదుమూఁడవ యధ్యాయమున బర్‌యేసను యూదునియెడఁ బ్రయుక్తమైనది; అచట తెలుఁగుపాఠము వానిని గారడీవాఁ డనెను. ఒక్క శబ్దమునకు ఒకచోట జ్ఞాని, ఒకచోట గారడీవాఁడు. అనువాదదోషమని త్రోసివేయరాదు. నక్షత్రములను జూచు విద్య యిరువురికిని సమానమే. ఒకరు దానిని వెంబడించి వచ్చి సాఁగిలపడిరి, ఒకఁడు దానితో జీవనోపాధి చేసికొని యధికారికి నమ్మకము చెఱుపఁజూచెను. తెలుఁగువారు శబ్దమును గాక నడవడిని జూచి పేరు పెట్టిరి. యాకోబును దన పత్రిక మూఁడవ యధ్యాయమున జ్ఞాని యెవఁడో మాటలచేఁ గాక సాత్వికమైన ప్రవర్తనచేఁ దెలియవలెనని చెప్పియున్నాఁడు.

ఆ తూర్పుజ్ఞానుల రాకను స్మరించు పండుగకే ఎపిఫనీ యని పేరు. జనవరి 6న జరుగును. డోర్నకలు ప్రధానదేవాలయమున కా పండుగ పేరే పెట్టిరి. గుమ్మటములు మసీదులను, స్తంభములు మన గుడులను దలఁపించునట్లు అనేకసంవత్సరములు గట్టఁబడిన యా కట్టడము 1939లో నా దినముననే ప్రతిష్ఠితమయ్యెను. అజరయ్య మఱియాఱేండ్లు జీవించి, 1945 జనవరి 1న, జ్ఞానుల పండుగ కైదుదినములు ముందుగా డోర్నకలుననే పరమపదించెను.